ముక్క లేకపోతే చాలదు, సూప్ సంగతేంటి? బయటి దేశాల్లో నూడుల్స్, ఆవిరి బన్నుల హోటళ్లకి వెళ్లేవాళ్లు చెప్పండి

కృష్ణలంక_కుర్రాడు | న్యూజెర్సీ

అందరికీ నమస్తే. ఎడిసన్‌కి మారాక ఇండియన్ తిండికి లోటేమీ లేదు, ఓక్ ట్రీ రోడ్డు మీదికి వెళ్తే పెసరట్టు దగ్గర నుంచి పానీపూరీ దాకా అన్నీ దొరుకుతున్నాయి. నా గొడవ వేరే. ఆఫీసులో మా టీమ్‌లో సగానికి పైగా చైనా, తైవాన్, కొరియా వాళ్లు. లంచ్‌కి బయటికి వెళ్దాం అంటే నూడుల్స్ హోటలే, లేదంటే తెల్లటి ఆవిరి బన్నులు, మోమోల్లాంటి డంప్లింగ్స్ అమ్మే చోటు. మనుషులు చాలా మంచివాళ్లు. నేను బీఫ్, పోర్క్ తిననని తెలుసు, "నీకు వెజ్ నూడుల్స్ ఉన్నాయి" అని వాళ్లే మెనూలో వెతికి పెడతారు. తీరా గిన్నె వచ్చాక చూస్తే పైన ఆకుకూర, పుట్టగొడుగులు, కింద సూప్ మాత్రం ఎముకల వాసన. అడిగితే సర్వర్ "నో మీట్, నో మీట్" అంటుంది. ముక్క లేని మాట నిజమే మరి.

నేను చికెన్, మటన్, చేప తింటాను కాబట్టి ఎలాగో నెట్టుకొస్తున్నా. మా ఆవిడ గుడ్డు వరకే. వచ్చే నెల అమ్మా నాన్న వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. నాన్నకి కోడి, మేక ఓకే. అమ్మ పూర్తి శాకాహారం, శనివారం ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టదు. ఇంత దూరం వచ్చినవాళ్లని మళ్లీ దోసెల హోటళ్ల చుట్టూనే తిప్పి పంపడం నాకిష్టం లేదు, పైగా అమ్మకి కొత్తవి రుచి చూడటం చాలా ఇష్టం, అందులో ఏముందో కచ్చితంగా తెలియాలి అంతే.

అందుకే అడుగుతున్నా. ఇలాంటి చోట్ల ఏం ఆర్డర్ చేయొచ్చు, ఏం అడగాలి, ఎలా అడగాలి? న్యూయార్క్ వైపు చోట్లు చెబితే మంచిది, మిగతా దేశాల వాళ్లు కూడా రాయండి, తర్వాత ఎవరికైనా పనికొస్తుంది. ఇంకోటి, నాన్నకి బీపీ, చైనీస్ అనగానే "అజినమోటో" అని భయపడతారు. దాని సంగతి కూడా ఎవరైనా చెప్పండి.


ఏడో_నంబర్_రైలు | క్వీన్స్

బ్రో, మీరు అడగాల్సిన ప్రశ్న "మీట్ ఉందా" కాదు. వాళ్ల లెక్కలో మీట్ అంటే ముక్క, మీరు ముక్క లేదా అని అడిగారు, లేదు అన్నారు, అబద్ధం ఏమీ చెప్పలేదు. మూడు విడివిడిగా అడగండి: సూప్ దేనితో కాచారు, ఏ నూనెలో లేదా ఏ కొవ్వులో వేయించారు, సాస్‌లో ఏముంది. నూడుల్స్ హోటల్లో తొంభై శాతం తలనొప్పి మొదటిదాంతోనే. సూప్ పొద్దున్నే పెద్ద గంగాళంలో కాచేసి ఉంటుంది, మీ ఒక్కరి కోసం మార్చలేరు. కాబట్టి సూప్ లేని నూడుల్స్ చూసుకోండి, సగం సమస్య అక్కడే పోతుంది.

సూప్ లేనివాటిలో మన నోటికి సరిపోయేవి చైనాలో షియాన్ ఊరి వైపు నూడుల్స్. బెల్టంత వెడల్పు ఉండే బియాంగ్ బియాంగ్ నూడుల్స్ ఉడికించి, పైన కారప్పొడి, వెల్లుల్లి, ఉల్లికాడలు వేసి, దానిమీద సలసల కాగే నూనె పోస్తారు, సుయ్‌మంటుంది, తర్వాత నల్ల వెనిగర్, సోయా సాస్. అంతే, ఎముకతో పని లేదు. మా క్వీన్స్ చైనాటౌన్ ఫ్లషింగ్‌లో గోల్డెన్ షాపింగ్ మాల్ బేస్‌మెంట్‌లో 2005లో చిన్న కొట్టుగా మొదలైన షియాన్ ఫేమస్ ఫుడ్స్‌కి ఇప్పుడు ఊరంతా బ్రాంచీలే. వాళ్ల దగ్గర లియాంగ్‌పి తీసుకోండి, చల్లటి నూడుల్స్, పిండిలోంచి గ్లూటెన్ కడిగి తీసేసి మిగిలిన గంజిని పల్చగా ఆవిరి మీద ఉడికించి కోస్తారు, ఆ తీసిన గ్లూటెన్‌నే స్పాంజి ముక్కల్లా పైన వేస్తారు. కీరా, మొలకలు, మిరప నూనె, వెనిగర్. మీ ఆవిడకి ఇది నచ్చకపోతే నాకు చెప్పండి. నాన్నగారికి అక్కడే జీలకర్ర వేసిన గొర్రె మాంసం నూడుల్స్, మన నాలుకకి అస్సలు కొత్తగా ఉండవు. అక్కడే తినేయండి, డబ్బాలో ఇంటికి తెచ్చుకుంటే ఆ నూడుల్స్ ముద్దైపోతాయి.

టొమాటో, గుడ్డు వేసిన నూడుల్స్ కూడా చాలా చోట్ల ఉంటాయి. అది పొడిగా కావాలని అడగండి, సూప్‌లో వేసి ఇస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక హలాల్ బోర్డు. మనవాళ్లు చాలామంది "హలాల్ కదా, పోర్క్ ఉండదు, హాయిగా తినొచ్చు" అని లాంజౌ (చైనాలో ఇంకో ఊరు) నూడుల్స్ హోటళ్లలోకి వెళ్లిపోతారు. పోర్క్ ఉండదు, నిజమే. కానీ ఆ హోటల్ పేరు మోసిందే బీఫ్ సూప్ మీద! లాంజౌ పద్ధతిలో సూప్ నీళ్లలా తేటగా ఉండాలి, తెల్ల ముల్లంగి ముక్కలు, ఎర్ర మిరప నూనె, పచ్చటి కొత్తిమీర, పసుపు రంగు నూడుల్స్, ఈ ఐదూ చూసి గిన్నె మంచిదో కాదో చెబుతారు. తేటగా ఉందని వెజ్ అనుకోకండి, అదంతా బీఫ్ ఎముకల సారమే. కళ్లముందే పిండి ముద్దని లాగి లాగి దారాలు చేస్తారు, సన్నం కావాలా వెడల్పు కావాలా అని అడిగి మరీ. చూడటానికి మాత్రం అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్లండి.

పేర్లు చూసి మోసపోకండి. "ఫిష్ ఫ్రేగ్రెంట్ ఎగ్‌ప్లాంట్" అని ఉంటుంది, వంకాయ కూర, అందులో చేప ఉండదు, కానీ పోర్క్ కైమా తరచుగా వేస్తారు. మాపో టోఫు అంటే టోఫు (సోయా పన్నీర్) కూర అనుకుంటాం, అందులోనూ కైమా. వేయించిన పచ్చి చిక్కుళ్లలో కూడా పైపైన చల్లుతారు. ఈ మూడూ కైమా లేకుండా చేయమంటే చేసి ఇస్తారు, అప్పటికప్పుడు వండేవే కాబట్టి. పుల్లటి బంగాళాదుంప తురుము వేపుడు, దంచిన కీరా సలాడ్ మాత్రం ఎక్కడైనా ధైర్యంగా తీసుకోవచ్చు.

ఫ్లషింగ్ ప్లాన్ కూడా చెప్పేస్తా. ఏడో నంబర్ రైలుకి ఆఖరి స్టేషన్ మెయిన్ స్ట్రీట్. అక్కడి నుంచి బౌన్ స్ట్రీట్‌లోని గణపతి గుడికి ఇరవై పాతిక నిమిషాల నడక, పెద్దవాళ్లతో అయితే బస్సు ఎక్కండి. 1977లో ప్రతిష్ఠ చేసిన గుడి అది, కింద క్యాంటీన్‌లో దోసెలు బాగుంటాయి. పొద్దున దర్శనం, అమ్మగారికి అక్కడే టిఫిన్, తర్వాత మెయిన్ స్ట్రీట్‌కి వచ్చి న్యూ వరల్డ్ మాల్ కింద ఫుడ్ కోర్టులో తిరగండి. చిన్న కొట్లకి కొంచెం క్యాష్ ఉంచుకోండి.


ఇడ్లీ_పార్టీ | షార్లెట్

ఎందుకండీ ఇంత టెన్షన్? ఆఫీసుకి డబ్బా పట్టుకెళ్లండి, పేరెంట్స్‌కి ఇంట్లో వండిపెట్టండి. సూప్ ఏంటి, కొవ్వు ఏంటి అని సీఐడీలా ఎంక్వైరీ చేసి తినాల్సిన అవసరం ఏముంది.


కృష్ణలంక_కుర్రాడు | న్యూజెర్సీ

డబ్బా రోజూ పట్టుకెళ్తూనే ఉన్నా సార్, అందరూ కలిసి బయటికి వెళ్లిన రోజు నేనొక్కడినే బ్రేక్ రూమ్‌లో కూర్చోలేను కదా. ఏడో నంబర్ అన్నా, ఇదంతా ప్రింట్ తీసి పెట్టుకుంటా. హలాల్ సంగతి నాకు అస్సలు తట్టలేదు.

బన్నుల గురించి కూడా ఎవరైనా రాయండి. ప్లెయిన్‌గా ఉండేవాటిలో కూడా ఏమైనా ఉంటుందా?


బుగిస్_పక్కవీధి | సింగపూర్

బన్నుల సంగతి నేను చెప్తాను, ఇక్కడ మాకు ఉప్మా దొరకని వీధి ఉంటుందేమో గానీ పావ్ (ఆవిరి బన్ను) దొరకని వీధి లేదు.

లోపల ఏమీ లేనిది మంటో. మైదా, ఈస్ట్, పంచదార, ఒక్కోసారి పాలు. పెద్దవాళ్లు వచ్చినప్పుడు నేను మొదట పెట్టేది ఇదే, మా అత్తమ్మ ఒక ముక్క తుంచి "మన ఆవిరి కుడుము లెక్కనే ఉంది" అని పల్లీ చట్నీ అడిగింది. లోపల కూరేది బావోజి, మేం ఇక్కడ పావ్ అంటాం. మెత్తగా మడిచి మధ్యలో ముక్క పెట్టేది తైవాన్ గువా బావ్, అందులో అసలుది పోర్క్, ఇప్పుడు చాలా హోటళ్లు పుట్టగొడుగులతో, టోఫుతో కూడా ఇస్తున్నాయి. ఎర్రటి తియ్యటి కూర ఉంటే చార్ సియు, అది పోర్క్. కస్టర్డ్ ఉన్నదాంట్లో గుడ్డు, వెన్న. లోపలి నుంచి పసుపు రంగు లావాలా కారేది ఉప్పు గుడ్డు సొనది, వేడిగా ఉన్నప్పుడు కొరికితే నోరు కాలుతుంది, పిల్లలకి చీల్చి చల్లార్చి ఇవ్వండి.

అమ్మగారికి సేఫ్ అనిపించేవి ఎర్ర చిక్కుడు గింజల ముద్ద, తామర గింజల ముద్ద పెట్టినవి. అయితే ఇక్కడే ఒక తిరకాసు ఉంది. పాత పద్ధతిలో ఆ ముద్ద నున్నగా రావడానికి పంది కొవ్వు వేసి వేయిస్తారు, కొన్ని చోట్ల బన్ను పిండిలో కూడా అదే కొవ్వు కలుపుతారు, తెల్లగా మెత్తగా రావాలని. ఇప్పుడు చాలామంది వంట నూనెకి మారారు గానీ తీపి బన్ను కాబట్టి వెజ్ అని మాత్రం అనుకోవద్దు. ప్యాకెట్ అయితే వెనకాల చదవండి, కొట్టు అయితే అడగండి. ఇక్కడ హలాల్ సర్టిఫికెట్ ఉన్న పావ్ కొట్లు చాలా ఉన్నాయి, అక్కడ పంది కొవ్వు ఉండదు, చిక్కుడు ముద్దది తీసుకుంటే ఆ భయం పోతుంది. బన్నుల విషయంలో హలాల్ బోర్డు పనికొస్తుంది, పైన తమ్ముడు చెప్పినట్టు సూప్ విషయంలో పనికిరాదు.

సూప్ డంప్లింగ్స్ అని షియావ్‌లాంగ్‌బావ్ ఉంటాయి కదా, అందరూ ఫోటోలు పెట్టేవి. లోపలికి సూప్ ఎలా వెళ్తుంది అని మా ఆయన ఆశ్చర్యపోయేవాడు. పంది తోలు గంటల తరబడి కాచి చల్లారిస్తే జెల్లీ అవుతుంది, దాన్ని కైమాలో కలిపి చుడతారు, ఆవిరికి కరిగి సూప్ అవుతుంది. అందుకే చికెన్‌వి ఉన్నాయి అని మెనూలో కనిపించినా లోపలి జెల్లీ దేనిదో అడగాలి. పోర్క్ తినని మాంసాహారులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. డిన్ తాయ్ ఫంగ్ అని తైపేలో 1958లో వంటనూనె కొట్టుగా మొదలై 1970ల్లో డంప్లింగ్స్‌లోకి దిగిన హోటల్ ఒకటుంది, ఒక్కోదానికి 18 మడతలు పెడతారని పేరు, అద్దాల వెనక మాస్కులు పెట్టుకుని చుట్టేవాళ్లని చూస్తూ నిలబడొచ్చు. న్యూయార్క్‌లో కూడా 2024లో తెరిచారు. అక్కడ కూరగాయలు, పుట్టగొడుగుల డంప్లింగ్స్, నువ్వుల సాస్ నూడుల్స్, వెల్లుల్లి వేసిన పచ్చి చిక్కుళ్లు, కీరా, ఇవన్నీ మెనూలోనే ఉంటాయి కాబట్టి మిశ్రమ గుంపుకి బాగా పనికొస్తుంది. ఖరీదే, చెప్పడం నా బాధ్యత.

ఉల్లి వెల్లుల్లి తినని శనివారం గురించి. ఇది విని మీరు నవ్వుతారు గానీ, ఆ రోజు ఇండియన్ హోటల్ కంటే చైనీస్ బౌద్ధ శాకాహార హోటలే నయం. వాళ్ల నియమంలో మాంసంతో పాటు ఉల్లి, వెల్లుల్లి జాతి కూడా నిషిద్ధం. చాంద్రమాన నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు ఆ కొట్ల దగ్గర క్యూలు చూడాలి, మన ఏకాదశి హడావిడి అంతా ఉంటుంది. మా దగ్గర వాటర్‌లూ స్ట్రీట్‌లో గ్వాన్ యిన్ అనే బౌద్ధ దేవత గుడి, దాని పక్కనే శ్రీకృష్ణుడి గుడి, చైనా వాళ్లు రెండింటిలోనూ దండం పెట్టుకుని వెళ్తారు. దగ్గర్లోనే ఫార్చూన్ సెంటర్ అనే పాత బిల్డింగ్ నిండా శాకాహార హోటళ్లు. మా వాళ్లు ఎవరొచ్చినా గుడి చూపించి అక్కడికే తీసుకెళ్తాను, నాలుగైదు డాలర్లలో సన్న సేమియా వేపుడు, క్యాబేజీ, వేయించిన టోఫు పొర కడుపునిండా.

కాకపోతే ముందే ఒక మాట చెప్పి తీసుకెళ్లండి. అక్కడ ప్లేట్లో అచ్చం మాంసంలా కనిపించేవి ఉంటాయి, బాతు తోలులా ముడతలతో సహా. సోయా, గ్లూటెన్, పుట్టగొడుగులతో చేసినవే. చెప్పకుండా పెడితే అమ్మగారు లేచి వెళ్లిపోతారు. కొన్నింటిలో గుడ్డు తెల్లసొన ఉంటుంది, అది కూడా అడగాలి.


ఏడో_నంబర్_రైలు | క్వీన్స్

అక్క చెప్పినట్టు బౌద్ధ హోటల్ కావాలంటే మన్‌హాటన్ చైనాటౌన్‌లో మాట్ స్ట్రీట్ మీద బుద్ధా బోదై ఉంది, పూర్తిగా శాకాహారం, కోషర్ (యూదుల ఆహార నియమాల) సర్టిఫికెట్ కూడా ఉంది. డిమ్ సమ్ (టీతో తినే చిన్న చిన్న పలహారాలు) అంతా అక్కడ వెజ్‌లోనే దొరుకుతుంది, ఆ ఎర్ర చార్ సియు బన్నుతో సహా. నేను బీఫ్, పోర్క్ తినేవాళ్లని కూడా అక్కడికే లాక్కెళ్తా.

డిమ్ సమ్‌కి మధ్యాహ్నం లోపే వెళ్లాలి, సాయంత్రం వరకు ఉంచరు చాలా చోట్ల. టీకి మనిషికింత అని వేస్తారు, అడగకుండానే, గొడవ పడకండి. టీ పోసినప్పుడు రెండు వేళ్లతో బల్లమీద తట్టడం థాంక్స్ అన్నట్టు, టీకుండ అయిపోతే మూత కొంచెం పక్కకి జరిపి పెడితే వాళ్లే వచ్చి నీళ్లు నింపుతారు. ఇవి చేస్తే ఆ పెద్దావిడల మొహాలు ఎంత వెలిగిపోతాయో.


గిన్నెలు_కడిగేవాడు | లండన్

ఇక్కడ మాస్టర్స్ చేస్తూ వారాంతాల్లో ఒక నూడుల్ బార్ కిచెన్‌లో పని చేస్తున్నా, పేరు చెప్పను. లోపలి నుంచి కొన్ని విషయాలు రాస్తా, ఎవరి మనసైనా నొచ్చుకుంటే ముందే సారీ.

నూడుల్స్ ఉడికించే నీళ్ల తొట్టి ఒక్కటే ఉంటుంది, దాంట్లోకి జల్లెడ బుట్టలు దింపుతాం, మీ వెజ్ గిన్నెకీ పక్కవాడి పోర్క్ గిన్నెకీ అదే నీళ్లు. అందులో నూడుల్స్ తప్ప ఇంకేం వేయం, కొన్ని చోట్ల వంటన్లు (కూర పెట్టి చుట్టిన చిన్న డంప్లింగ్స్) కూడా అదే తొట్టిలో వేస్తారు. ఫ్రయర్ కూడా చాలాసార్లు ఒక్కటే, మీ టోఫు వేగిన నూనెలోనే చికెన్ వేగుతుంది. మెనూలో వీగన్ (పాలు, గుడ్డు కూడా లేని శాకాహారం) గుర్తు ఉన్నా కింద చిన్న అక్షరాల్లో ఈ మాట రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. వెదురు బుట్టలు ఒకదానిమీద ఒకటి పేరుస్తాం కదా, పై బుట్టలోది కింద బుట్టలోకి కారుతుంది. "నా బన్ను పైబుట్టలో పెట్టండి" అని అడిగితే పెడతాం, రద్దీ లేని టైమ్‌లో అయితే వేరే బుట్టలోనే చేస్తాం. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి వచ్చి అడిగితే తలూపుతాం గానీ గుర్తుంటుందని హామీ లేదు. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య రండి, షెఫ్ స్వయంగా బయటికొచ్చి మాట్లాడతాడు.

ఇంగ్లండులో ఉన్నవాళ్లకి ఒక చిట్కా. ఇక్కడ ప్రతి హోటల్ 14 రకాల అలర్జీ పదార్థాల వివరం అడిగితే చెప్పాలి, చట్టం. ఆ ఫైలు అడగండి. చేప, రొయ్య జాతి, ఆల్చిప్పల జాతి, గుడ్డు, పాలు, ఈ గడులు చూస్తే ఫిష్ సాస్, ఆయిస్టర్ సాస్ ఉన్నాయో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. కానీ బీఫ్, పోర్క్, చికెన్ ఆ 14లో లేవు! ఎముకల సూప్ ఏ గడిలోనూ కనిపించదు. మనవాళ్లు ఆ కాగితం చూసి "ఏమీ లేదు, సేఫ్" అనుకుంటారు. అది మాత్రం నోటితో అడగాల్సిందే.

ఇంకోటి, పసుపు రంగు నూడుల్స్ అన్నీ గుడ్డు నూడుల్స్ కావు. రామెన్ (జపాన్ సూప్ నూడుల్స్) పిండిలో క్షారం కలుపుతారు, రంగు, ఆ సాగే గుణం చాలావరకు దానివల్లే. మరోవైపు హాంకాంగ్ వంటన్ నూడుల్స్‌లో గుడ్డు మామూలుగా ఉంటుంది. గుడ్డు తినని వాళ్లు బియ్యపు నూడుల్స్‌కి వెళ్లడం మేలు.

చైన్ హోటళ్లంటే మన ఫుడ్ గ్రూపుల్లో చిన్నచూపు ఉంది, నాకు లేదు. వాగమామా 1992లో లండన్‌లో పుట్టింది, 2021 నుంచి మెనూలో సగం మాంసం లేనిదే. రుచి కొంచెం చప్పన, చిల్లీ ఆయిల్ అడిగి వేసుకోండి. అమ్మా నాన్నతో వెళ్లినప్పుడు ఏది దేనితో చేశారో రాతపూర్వకంగా ఉండటం పెద్ద రిలీఫ్. పెద్ద బల్లల మీద అందరితో కలిసి కూర్చోవాలి, అది మా నాన్నకి నచ్చలేదు. వంటకాలు ఏది ముందు తయారైతే అది ముందు వస్తుంది, మీ ప్లేట్ వచ్చాక అందరికీ రానీ అని ఆగితే చల్లారిపోతుంది.


చివరి_మెట్రో | టోక్యో

రామెన్ దేశం నుంచి. శాకాహారులకి జపాన్ చాలా కష్టం, అందంగా చెప్పి లాభం లేదు. టోన్‌కోత్సు అంటే పంది ఎముకలు తెల్లగా పాలలా అయ్యేదాకా మరగబెట్టిన సూప్. షోయు (సోయా సాస్), షియో (ఉప్పు), మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) అని రాసినవి రుచి పేర్లే, కింద సూప్ కోడిదో పందిదో చేపదో అన్నీ కలిపినదో ఆ కొట్టువాడి ఇష్టం. చికెన్ సూప్ రామెన్ అని దొరుకుతుంది, మీ నాన్నగారి లాంటి వాళ్లకి బాగుంటుంది, కాకపోతే పైన రెండు పోర్క్ ముక్కలు అలవాటుగా పెట్టేస్తారు, టికెట్ మిషన్ దగ్గరే ఆగి కౌంటర్‌లో చెప్పాలి. ఉడాన్, సోబా అనే నూడుల్స్ చూడ్డానికి అమాయకంగా ఉంటాయి, వాటి పులుసులో ఎండబెట్టిన చేప తురుము ఉంటుంది, ఎక్కడికి వెళ్లినా.

టోక్యో స్టేషన్ లోపల కేయో స్ట్రీట్‌లో టీస్ తాన్‌తాన్ ఉంది, పూర్తి వీగన్ రామెన్, నువ్వుల ముద్దతో చిక్కటి సూప్. మా ఇంటికి వచ్చినవాళ్లని షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కించే ముందు అక్కడే తినిపిస్తా. అఫురి కొట్లలో కూడా వీగన్ రామెన్ ఒకటి ఉంటుంది.

చలికాలంలో కన్వీనియెన్స్ స్టోర్ కౌంటర్ మీద గాజు పెట్టెలో ఆవిరి బన్నులు పెడతారు. పెద్దది నికుమాన్, పోర్క్. పక్కనే తీపి చిక్కుడు ముద్దది అన్‌మాన్, మనవాళ్లు ఇది వెజ్ అని కొంటారు, సింగపూర్ అక్క చెప్పిన కొవ్వు దీనిలోనూ ఉండొచ్చు, కంపెనీ సైట్‌లో పదార్థాల పట్టిక చూసి కొనండి.

అడిగే పద్ధతి గురించి ఒక్కటి చెప్తా, ఏ దేశానికైనా పనికొస్తుంది. "ఐ యామ్ వెజిటేరియన్" అని మొదలుపెట్టకండి. ఫోన్‌లో అనువాదం చేసి స్క్రీన్‌షాట్ ఉంచుకోండి: పంది, ఆవు, కోడి, చేప, రొయ్య వద్దు, వాటి ఎముకల సూప్ వద్దు, కొవ్వు వద్దు, గుడ్డు, పాలు పర్వాలేదు. పొట్టి పొట్టి వాక్యాలు రాయండి, పొడవు వాక్యం రాస్తే యాప్ తలకిందులు చేస్తుంది. అక్కడి భాష తెలిసిన కొలీగ్‌తో ఒకసారి చదివించి సరిచేయించుకోండి. మీ టీమ్‌లో అంతమంది ఉన్నారుగా, ఐదు నిమిషాల పని.


ఫార్మసీ_పిల్ల | డాలస్

అజినమోటో గురించి. 1908లో జపాన్‌లో ఇకెడా అనే ప్రొఫెసర్ కొంబు అనే సముద్రపు నాచు పులుసులోంచి ఆ రుచిని విడదీశాడు, దాన్నే తర్వాత ఫ్యాక్టరీలో చేసి అమ్మారు. ఇప్పుడు చెరకు, దుంపల లాంటి వాటిని పులియబెట్టి చేస్తారు. అమెరికాలో ఈ భయం 1968లో ఒక మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ఉత్తరంతో మొదలైంది, చైనీస్ హోటల్లో తిన్నాక మెడ దగ్గర తిమ్మిరి వస్తోందని. ఆ తర్వాత జరిపిన పరీక్షల్లో మామూలు మోతాదులో తింటే అలా జరుగుతుందని స్థిరంగా తేలలేదు, ఇక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా సురక్షితం అనే లెక్కలోనే ఉంచింది. చిప్స్ ప్యాకెట్లలో కూడా ఉంటుంది, అప్పుడు ఎవరికీ గుర్తురాదు.

బీపీ ఉన్నవాళ్లకి అసలు శత్రువు ఉప్పు. అజినమోటోలో సోడియం సుమారు 12 శాతం, మామూలు ఉప్పులో 39 శాతం దాకా. నూడుల్స్ గిన్నెలో ఉప్పంతా సూప్‌లో, సోయా సాస్‌లో ఉంటుంది. నాన్నగారిని ముక్కలు, నూడుల్స్ తిని సూప్ వదిలేయమనండి, ఆవకాయ తగ్గించమనడం కంటే ఇది ఈజీ. మందుల సంగతి వాళ్ల డాక్టర్‌ని అడగండి, నన్ను కాదు.


ఇడ్లీ_పార్టీ | షార్లెట్

సరే ఒప్పుకుంటున్నా, చదువుతుంటే ఆకలేసింది. వెజ్ మంచూరియా మాత్రం ఈ చోట్ల ఎందుకు ఉండదు? మా అత్తగారు వచ్చినప్పుడు అదే అడిగి రచ్చ చేశారు.


ఏడో_నంబర్_రైలు | క్వీన్స్

ఎందుకంటే అది చైనాది కాదు కాబట్టి. 1970ల్లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అనే ఆయన మొదలుపెట్టాడంటారు, చికెన్‌ది, తర్వాత గోబీ మన పెళ్లిళ్ల బఫేల దాకా వచ్చింది. మీ అత్తగారిని ఎడిసన్ తీసుకురండి, ఇండో చైనీస్ హోటళ్లు బోలెడు. ఫ్లషింగ్‌లో మాత్రం అడగకండి బాబూ.


కృష్ణలంక_కుర్రాడు | న్యూజెర్సీ

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. నిన్న లంచ్‌లో స్క్రీన్‌షాట్ ఐడియా మా తైవాన్ కొలీగ్‌కి చూపించాను, ఆమె చదివి పడీ పడీ నవ్వి మొత్తం తిరగరాసి ఇచ్చింది, యాప్ "ఎముకల సూప్ వద్దు" అన్నదాన్ని "ఎముకలు వద్దు, సూప్ ఇవ్వండి" అని రాసిందట. ఆమె అమ్మమ్మ కూడా నెలకి రెండు రోజులు మాంసం ముట్టదంట, ఇన్నాళ్లూ పక్క సీట్లో కూర్చుని ఈ విషయం మాట్లాడుకోలేదు మేం. అమ్మ వచ్చాక మాట్ స్ట్రీట్‌కి తను కూడా వస్తానంది.

రెండు చిన్న డౌట్లు. మంటో ఇంట్లో పెట్టుకోవాలంటే ఫ్రోజెన్‌వి ఎక్కడ దొరుకుతాయి, ఎలా వేడి చేయాలి? కౌంటర్ దగ్గర ఐప్యాడ్ తిప్పి 20 శాతం టిప్ అడుగుతుంది కదా, అక్కడ కూడా ఇవ్వాలా?


ఏడో_నంబర్_రైలు | క్వీన్స్

మంటో 99 రాంచ్‌లో, హెచ్ మార్ట్‌లో ఫ్రీజర్ సెక్షన్‌లో ఉంటాయి, పాలు ఉన్నవి, లేనివి రెండూ, వెనక లేబుల్ చదివి కొనండి. ఇడ్లీ కుక్కర్ చాలు, ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా పది పన్నెండు నిమిషాలు ఆవిరి పట్టండి, మూతకి లోపల పల్చటి బట్ట కట్టండి, లేకపోతే నీటి చుక్కలు పడి పైన జిగురుగా అవుతుంది. మైక్రోవేవ్‌లో పెట్టకండి, రాయి. మిగిలినవి మర్నాడు అడ్డంగా కోసి కొంచెం నూనెలో ఎర్రగా కాల్చుకుంటే ఇంకా బాగుంటాయి.

టిప్ సంగతి. కూర్చుని ఆర్డర్ ఇచ్చి వాళ్లు తెచ్చి పెడితే 15 నుంచి 20 శాతం ఇచ్చేస్తా. మనమే లైన్లో నిలబడి, మనమే ట్రే మోసుకుని, మనమే గిన్నె తీసేచోట నేను జీరో నొక్కుతా, ఎవరేమన్నా అనుకోనీ.